పెద్ద సర్జన్‌గారితో ఈ మాట ఎలా చెప్పాలి?

అడిగినవారు: మత్తు వైద్యురాలు, కోస్తా

నేను ఒక చిన్న పట్టణంలో అరవై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్ళుగా మత్తు వైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి యజమాని, పెద్ద సర్జన్ ఒకరే. వయసు 61. మా చుట్టుపక్కల మండలాల్లో ఆయన చేతి కింద బతికి బయటపడిన మనిషి లేని ఊరు లేదు. ప్రతి మంగళవారం పేదలను ఉచితంగా చూస్తారు. 2020లో చుట్టూ ఆసుపత్రులు మూతపడుతుంటే మా థియేటర్ ఒక్కరోజు కూడా మూయలేదు. ఎనిమిది నెలల బిడ్డతో నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఏడాదిపాటు నాకు రాత్రి డ్యూటీ వేయనివ్వలేదు. మా నాన్నగారి పేగు ఆపరేషన్‌కు రూపాయి తీసుకోలేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, రాయబోయేది చదివి ఆయనను చెడ్డవారనుకోవద్దు. చెడ్డవారైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

ఆయన థియేటర్‌లో అరుస్తారు. పరికరం అందించడం క్షణం ఆలస్యమైతే అరుస్తారు, లైటు కదిలితే అరుస్తారు. ఇన్నేళ్ళూ మేమంతా దానిని ఆయన స్వభావం అనుకుని సర్దుకున్నాం.

నెల క్రితం రాత్రి పదకొండు దాటాక ఒక వ్యవసాయ కూలీని తెచ్చారు. పేగుకు రంధ్రం పడి కడుపంతా చీము. బీపీ పడిపోయి, మందుల డ్రిప్ మీద నిలబెట్టి మత్తు ఇచ్చాను. ఆపరేషన్ అద్భుతంగా చేశారు. పొట్ట మూసే ముందు, పరికరాలు అందించే స్క్రబ్ సిస్టర్ లెక్క చూసి, "సార్, ఒక మాప్ తక్కువగా ఉంది" అంది.

మాప్ అంటే తెలియనివారి కోసం: కడుపు ఆపరేషన్లలో రక్తమూ ద్రవాలూ అద్దడానికి వాడే మడత గుడ్డ, జానెడుకు కొంచెం పెద్దది. రక్తంలో తడిసి పేగుల మధ్యకు జారితే పేగుకూ దానికీ తేడా తెలియదు. అందుకే దానిలో ఎక్స్‌రేకి కనబడే దారం ఒకటి ఉంటుంది. అందుకే మొదలుపెట్టే ముందు, పొట్ట మూసే ముందు, చివర చర్మం కుట్టేటప్పుడు లెక్కపెడతారు. ఆ రాత్రి పదిహేను ఇచ్చారు, పద్నాలుగు వచ్చాయి.

సార్ తలెత్తకుండానే, "లోపల అంతా నేను చూశాను. నువ్వే ఎక్కడో పడేసి ఉంటావు. నోరు మూసుకుని సూది ఇవ్వు" అని అరిచారు. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు, చదువు పూర్తయి ఏడాది కాలేదు. సూది ఇచ్చింది. ఇచ్చి నా వైపు చూసింది.

నేను మానిటర్ వైపు చూశాను.

ఎంతసేపు అలా చూశానో నాకు కచ్చితంగా తెలుసు. మా చార్టులో ఐదు నిమిషాలకొకసారి నాడి, బీపీ రాస్తాం. 12.35 అంకెలు రాసిన వెంటనే ఆ అమ్మాయి మాట్లాడింది. 12.40 అంకెలు రాయబోతూ నేను నోరు తెరిచాను. "సార్, బీపీ నిలకడగా ఉంది, తొందర లేదు. ఇంకొక్కసారి లోపల చూడండి" అన్నాను. ఆయన సూది పట్టుకునే పరికరాన్ని ట్రేలోకి విసిరారు. వేసిన కుట్లు విప్పారు. ప్లీహం కింద దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు. రోగి పదకొండో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ రాత్రి కాదు, పది రోజుల తరువాత జరిగినది. పిత్తాశయం ఆపరేషన్, పొట్ట తెరిచి చేసింది. మూసే ముందు సార్ "లెక్క?" అన్నారు. అదే అమ్మాయి "సరిపోయింది సార్" అంది. ఆమె అప్పటికి వాడిన మాప్‌లు వేసే బకెట్ వైపు తిరగనే లేదు. నేను కూర్చున్న చోటు నుంచి స్పష్టంగా కనిపించింది. తరువాత లెక్కపెట్టింది, అదృష్టవశాత్తు సరిపోయింది.

ప్రతి ఆపరేషన్‌లోనూ సరిచూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల భద్రతా పట్టిక మా థియేటర్ గోడకు ఉంది. సాయంత్రం అన్ని కేసులకూ కలిపి ఒకేసారి టిక్కులు పెడతాం. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లో ఆ పట్టికను పరీక్షించి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. సార్‌కు ఇవి తెలియక కాదు. జూనియర్లకు ఆయనే పాఠం చెబుతారు.

ఆయనతో మాట్లాడాలి. నిరుడు ఒక ఎముకల డాక్టరుగారు అందరి ముందు ఏదో అన్నారు, మరునాటి నుంచి ఆయనకు పిలుపు రాలేదు. ఆసుపత్రి జమాఖర్చులు చూసే సార్ భార్య, మేడమ్‌గారి ద్వారా చెప్పించమని ఒకరు, ఉత్తరం రాయమని ఒకరు అంటున్నారు. ఇలాంటి మాట పైవారితో చెప్పినవారు, లేదా చెప్పించుకున్నవారు ఉంటే, దయచేసి ఏ మాటతో మొదలుపెట్టారో చెప్పండి.

విశ్రాంత హెడ్ సిస్టర్

డాక్టరమ్మా, ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ బోధనాసుపత్రి థియేటర్లలో పనిచేసి దిగిపోయాను. మీరు రాసినదంతా చదివాక నాకు ఆ పిల్ల మీ వైపు చూసిన చూపే మిగిలింది. సార్ సంగతి తరువాత. ముందు ఆ పిల్లతో మాట్లాడారా? మాట్లాడానని మీరెక్కడా రాయలేదు.

లెక్క ఎలా అబద్ధమవుతుందో నాకు తెలుసు. మొదటిసారి తిట్టు తింటే చేయి వణుకుతుంది. రెండోసారి తింటే మనసులోనే లెక్క సరిపోతుంది. ఆ పిల్లకు ఒక్క తిట్టే చాలింది. ఎందుకంటే ఆమె చెప్పింది నిజమని తేలాక కూడా "నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అని ఆ గదిలో ఒక్కరూ అనలేదు. మీరు కూడా అనలేదు. కోపంతో రాయడం లేదు, ఆ పిల్ల స్థానంలో నేను ఉండి వచ్చాను కాబట్టి రాస్తున్నాను.

నేను "తక్కువగా ఉంది" అనడం మానేశాను. ఆ మాటకు అవతలివారు "లేదు" అని ఎదురు చెప్పగలరు. "పదిహేను ఇచ్చాను, పద్నాలుగు వచ్చాయి. పదిహేనోది దొరికేదాకా సూది ఇవ్వను" అనేదాన్ని. అంకెతో ఎవరూ పోట్లాడలేరు. బకెట్, నేల, గౌను మడతలు, అన్నీ వెతికించేదాన్ని. అప్పటికీ దొరకకపోతే బల్ల మీదే ఎక్స్‌రే. అయితే నాకు ఆ ధైర్యం ఊరికే రాలేదు. తల దగ్గర కూర్చున్న మత్తు ప్రొఫెసర్‌గారు మానిటర్ నుంచి కళ్ళు తిప్పకుండానే "ఇవ్వకమ్మా" అనేవారు. ఆ ఒక్క మాట వెనుక ఉంటే సిస్టర్ నోటికి బలం వస్తుంది. ఇప్పుడు మీరు కూర్చున్నది ఆయన కూర్చున్న చోటే.

వైద్య కేసులు చూసే న్యాయవాది

మేడమ్, నోటి మాటలతో పని జరగదు. ఈమెయిల్ పంపండి, తేదీ వేయండి, మీ దగ్గర నకలు ఉంచుకోండి. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు తరువాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసినప్పుడు ఒకామె కడుపులో మాప్ ఉండిపోయింది. ఆమె కొద్ది రోజుల్లోనే చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1996లో తీర్పు వచ్చింది: అది నిర్లక్ష్యమే, ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందే అని. ముప్పై మూడేళ్ళు ఆ కుటుంబం కోర్టుల చుట్టూ తిరిగింది. ఈ తీర్పు కాగితం మీ సార్ బల్ల మీద పెట్టండి.

ఇంకొక మాట. ఆ రాత్రి 12.35కూ 12.40కీ మధ్య జరిగినది మీ చార్టులో రాశారా?

మత్తు వైద్యురాలు, కోస్తా

రాయలేదు. సిస్టర్‌తోనూ మాట్లాడలేదు. రెండింటికీ నా దగ్గర సమాధానం లేదు. రేపు ఉదయం ముందు ఆ అమ్మాయి దగ్గరకు వెళతాను.

మరో సర్జన్, రాయలసీమ

న్యాయవాదిగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను: ఆ తీర్పు కాగితం బల్ల మీద పెట్టకండి. నేను మీ సార్ లాంటివాడినే. నా బల్ల మీద ఎవరైనా అలాంటి కాగితం పెడితే, ఆ రోజు నుంచి వారిని శత్రువుగా చూసేవాడిని, వారు చెప్పిన విషయం నా చెవికి ఎక్కేదే కాదు. మేడమ్‌గారి ద్వారా చెప్పించడం అంతకన్నా తప్పు. థియేటర్ మాట వంటింటి నుంచి వింటే మాలాంటివారికి అది చాడీ అనిపిస్తుంది.

నాకు ఈ మాట చెప్పినవాడు నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, మా మత్తు డాక్టరే. ఒకరోజు ఉదయం ఏడున్నరకు, ఇంకా రౌండ్లు మొదలుపెట్టకముందు, నా గదికి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "సార్, నిన్న రక్తం ఎంత పోయిందని మీరు అడిగితే ఆరువందల మిల్లీలీటర్లు అన్నాను. నిజానికి దాదాపు రెట్టింపు పోయింది. మీరు కోప్పడతారని సగం చెప్పాను. ఆ సగం నమ్మి మీరు ఇంకో అరగంట ఆపరేషన్ సాగించారు" అన్నాడు.

నా కోపం గురించి ఇంట్లో, బయట చాలామంది చాలాసార్లు చెప్పారు. తల్లి చెప్పింది, భార్య చెప్పింది. నేను మారలేదు. ఎందుకంటే నా లోపల ఒక నమ్మకం ఉండేది: నేను అరుస్తాను కాబట్టే నా థియేటర్‌లో అందరూ జాగ్రత్తగా ఉంటారు, అందుకే నా రోగులు బతుకుతారు అని. ఆ కుర్రవాడు నన్ను మంచిగా ఉండమని అడగలేదు. నా చేతికి తప్పుడు అంకె వస్తోందని చెప్పాడు. సర్జన్‌కు అంతకన్నా భయం పుట్టించేది ఇంకేదీ లేదు. కళ్ళకు గంతలు కట్టుకుని కత్తి పట్టినట్టు అనిపించింది. మూడు రోజులు అతనితో సరిగా మాట్లాడలేకపోయాను. అది కోపం కాదు, సిగ్గు. బయటికి మాత్రం కోపంలాగే కనిపించి ఉంటుంది. మీ సార్ కూడా అలా ఉంటే దానిని ఓటమి అనుకోకండి.

2003లో అమెరికాలోని మసాచుసెట్స్ కేసులను పరిశీలించిన ఒక అధ్యయనం వచ్చింది. 54 మంది శరీరాల్లో మరచిపోయిన 61 వస్తువులు, ఎక్కువ భాగం గుడ్డలే. లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతంలో చివరి లెక్క సరిపోయిందనే నమోదై ఉంది. తక్కువ వచ్చిన లెక్క వల్ల రోగి చావడు డాక్టరుగారూ, దానిని వెతుకుతారు. సరిపోయిందని చెప్పిన లెక్కే చంపుతుంది. మీరు కళ్ళారా చూసిన ఆ "సరిపోయింది సార్" గురించి చెప్పండి. ఆ రాత్రి దొరికిన మాప్‌తో మొదలుపెడితే ఆయన సమర్థించుకుంటారు, చివరికి వెతికింది తానే కదా. సమర్థించుకోవడానికి వీలులేనిది రెండోదే. నా తప్పు ఇది అని మీ నోటితో మొదలుపెట్టండి. ఒక్కటే కోరండి, రేపు చేయగలిగినది.

విమానాల నిర్వహణ ఇంజినీరు, శంషాబాద్

నేను వైద్యరంగం వాడిని కాదు. మంగళూరు సంగతి గుర్తొచ్చి ఆగలేకపోయాను. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం కొండ మీది రన్‌వే దాటి పడిపోయింది. 166 మందిలో 158 మంది పోయారు. విమానం మరీ ఎత్తుగా, వేగంగా దిగుతోందని కో పైలట్‌కు తెలుసు. దిగవద్దు, మళ్ళీ చుట్టు తిరుగుదామని మూడుసార్లు చెప్పాడని విచారణ నివేదికలో ఉంది. కెప్టెన్ దించడానికే ప్రయత్నించాడు.

నేను ఆ నివేదిక గురించి కొత్తవారికి చెప్పేటప్పుడు ఒకటే అంటాను: అతను మౌనంగా లేడు. చెప్పాడు. చెప్పిన మాటకు పని ఆపే హక్కు ముందే ఇచ్చి ఉండాలి. ఆ క్షణంలో ధైర్యం తెచ్చుకోమంటే సరిపోదు. హెడ్ సిస్టర్‌గారు చెప్పిన "సూది ఇవ్వను" అలాంటి హక్కే.

మీ రంగంలోనే ఇంగ్లండ్‌లో 2005లో ఎలైన్ బ్రొమైలీ అనే ఆమెకు సైనస్ చికిత్స కోసం మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం వేయలేకపోయారు. సిస్టర్లు గొంతు దగ్గర రంధ్రం చేసే పరికరాలు తెచ్చి, సిద్ధంగా ఉన్నాయని చెప్పారు. గొట్టం వేసే ప్రయత్నంలో మునిగిపోయిన పెద్ద డాక్టర్లు పట్టించుకోలేదు. ఒక సిస్టర్ ఐసీయూలో పడక కావాలని ఫోను చేసి, డాక్టర్లు చూసిన చూపుకు మళ్ళీ ఫోను చేసి వద్దని చెప్పింది. పదమూడు రోజుల తరువాత ఎలైన్ చనిపోయింది. ఆమె భర్త పైలట్. విమానాల్లో నేర్చుకున్నది ఆసుపత్రులకు నేర్పాలని 2007లో ఒక సంస్థ పెట్టాడు.

మత్తు వైద్యురాలు, కోస్తా

మూడు వారాలైంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు సిస్టర్ దగ్గరకు వెళ్ళాను. డ్యూటీ మారే సమయంలో పరికరాలు ఉడికించే గదిలో పట్టుకుని, "ఆ రాత్రి నువ్వు చెప్పింది నిజం. నేను వెంటనే మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. క్షమించు" అన్నాను. ఆమె ఏడ్చింది. తరువాత తనే అంది, "మేడమ్, పిత్తాశయం కేసులో నేను లెక్కపెట్టకుండానే చెప్పాను." నేను చూశానని ఆమెకు చెప్పలేదు, అడగకుండానే చెప్పింది. ఈ మాట సార్‌తో చెప్పవచ్చా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "నా ఉద్యోగం పోదు కదా" అంది. పోదని నేను మాట ఇవ్వలేను. పోతే నేనూ ఉండనని మాత్రం చెప్పాను. నిజంగానే చెప్పాను.

మంగళవారం ఉదయం ఆరుంబావుకు సార్ గదికి వెళ్ళాను. ఆ వేళకు ఆయన రాగిజావ తాగుతూ పేపరు చూస్తుంటారు. "ఏమ్మా, ఇంత పొద్దున్నే?" అన్నారు. నేను నా ఐదు నిమిషాలతో మొదలుపెట్టాను. చార్టు కూడా తీసుకెళ్ళాను. "ఇదిగో సార్, ఈ అంకెకూ ఈ అంకెకూ మధ్య నేను మీకు భయపడి నోరు మూసుకున్నాను. రోగి తల దగ్గర కూర్చుని రోగి గురించి కాక నా గురించి ఆలోచించాను." ఆయన "సరేలే, దొరికింది కదా" అన్నారు. అప్పుడు రెండోది చెప్పాను. "పిత్తాశయం కేసులో మీరు అడిగిన లెక్కకు వచ్చిన సమాధానం అబద్ధం సార్. ఎవరూ లెక్కపెట్టలేదు. మీరు దానిని నమ్మి మూశారు."

గ్లాసు కింద పెట్టారు. "నా థియేటర్‌లో అబద్ధపు లెక్కా?" అన్నారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు, అరుపు కాదు. మరుక్షణం అరుపే. "ఆ పిల్లను ఇవాళే తీసేస్తాను" అన్నారు. నా కాళ్ళు వణికాయి. "తీసేస్తే రేపు వచ్చే అమ్మాయి ఇంకా తొందరగా సరిపోయింది అంటుంది సార్. ఎందుకు పోయిందో అందరికీ తెలుస్తుంది కదా" అన్నాను. ఒక్కటే కోరాను: మూసే ముందు లెక్క పైకి వినిపించేదాకా ఆయన సూది కోసం చేయి చాపకూడదు. "ఇక వెళ్ళు" అన్నారు. నేను వచ్చేశాను.

రాయలసీమ సర్జన్‌గారు చెప్పినట్టే, మూడు రోజులు రోగుల గురించి తప్ప మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో నేను అన్నం సరిగా తినలేదు. సిస్టర్‌ను తీసేయలేదు.

శుక్రవారం పేగు ఆపరేషన్. మూసే సమయానికి ఆయన రెండు చేతులూ రోగి మీది ఆకుపచ్చ గుడ్డ మీద ఆనించి నిలబడ్డారు. ఏమీ అడగలేదు. అర్థం కావడానికి మాకు కొన్ని క్షణాలు పట్టింది. సిస్టర్ బకెట్ దగ్గరి అమ్మాయితో కలిసి ఒక్కొక్కటే లెక్కపెట్టి, "పది ఇచ్చాను సార్, పది వచ్చాయి" అంది. అప్పుడు చేయి చాపారు. చర్మం కుట్టేటప్పుడు సక్షన్ గొట్టం మడత పడితే ఎప్పటిలాగే అరిచారు. అది మారలేదు, నేను అడిగిందీ అది కాదు. అయినా ఆ అరుపుకు మళ్ళీ ఆ అమ్మాయి ముడుచుకుపోవడం చూస్తే, దాని గురించి కూడా ఎప్పుడో ఒకరోజు మాట్లాడాల్సిందే అనిపించింది. ఇప్పుడు కాదు.

న్యాయవాదిగారూ, ఇప్పుడు మూయడానికి ముందు చెప్పిన లెక్కను, చెప్పిన సమయాన్ని చార్టులో రాస్తున్నాను.

హెడ్ సిస్టర్‌గారికి ఒక ప్రశ్న. గోడకు తెల్ల బోర్డు పెట్టి ఇచ్చినవి ఇచ్చినట్టు రాద్దామని మా సిస్టర్ అడుగుతోంది. ఆపరేషన్ మధ్యలో అదనంగా విప్పిన మాప్ కట్టలను మీరు విడిగా రాయించేవారా, ముందు రాసినదానికే కలిపించేవారా? అత్యవసర కేసుల్లో మా లెక్క తడబడేది అక్కడే.